అద్దాల తొట్టిలో నా గొప్ప

మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. కొల్లేటి గాలి పీల్చి పెరిగినవాణ్ణి. బొచ్చెకీ శీలావతికీ తేడా నాకు నడక రాకముందే తెలుసు. ఊరి చుట్టూ చెరువులే, చెరువుల నిండా చేపలే. మా ఇళ్లలో పెళ్లి మాటలైనా, పొలం తగాదాలైనా చివరికి చేప రేటు దగ్గరకొచ్చి ఆగేవి. అలాంటివాడికి హైదరాబాదు ఫ్లాటులో, హాలు మూలన, రెండడుగుల గాజు తొట్టిలో వేలెడంత చేపల్ని పెంచడం ఒక లెక్కా అనుకున్నాను. ఆ ఒక్క అనుకోవడం వల్ల ఎన్ని చిన్న ప్రాణాలు పోయాయో ఎవరితోనైనా చెప్పుకుంటే గానీ నా మనసు తేలికపడదు. మీతో చెబుతున్నాను. మీ ఇంట్లోనూ ఒకరుంటారు కదా, తెలిసిన పనే అనుకుని తెలియని పనిలో మోచేతిదాకా చెయ్యి పెట్టినవాళ్లు! ఆ ధైర్యంతోనే.

అసలు తొట్టి కొన్నది చేపల మీద ప్రేమతో కాదు. ఎదురు ఫ్లాటువాళ్ల హాల్లో ఒకటుంది. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా మా ఆవిడా పిల్లలూ దాని ముందు నిలబడిపోయేవారు. కొల్లేటి గడ్డ మీద పుట్టినవాడి ఇంట్లో చేప లేకపోవడమేమిటని నాకు రోషం వచ్చింది. మా అక్క మొగుడికి ఊళ్లో చెరువులున్నాయి. "మీ బావగారిని ఓ మాట అడగండి" అని మా ఆవిడ చెప్పింది. "చెరువు వేరు, తొట్టి వేరు. ఆయనకేం తెలుస్తుంది?" అని తోసేశాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి, మళ్లీ పనిపడుతుంది.

దుకాణంలో కుర్రాడు బుద్ధిమంతుడు. నన్ను కాపాడటానికి చేయగలిగిందంతా చేశాడు. "తొట్టి సైక్లింగ్ అయిందా సార్?" అని అడిగాడు. సైక్లింగ్ అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదని అనొచ్చు కదా? పక్కన మా అబ్బాయి ఉన్నాడు. "అయింది" అన్నాను. "మీ నీళ్లు బోరా సార్, మంజీరానా?" అన్నాడు. "నీళ్లు నీళ్లేనయ్యా" అన్నాను. ఏ చేప ఎవరితో కలుస్తుందో చెప్పబోయాడు. నా కళ్లు అప్పటికే రంగుల మీద ఉన్నాయి. అది ఇవ్వు, ఇది ఇవ్వు, ఆ ఎర్రది కూడా. రెండు గోల్డ్ ఫిష్, ఆరు నియాన్ టెట్రాలు, నాలుగు టైగర్ బార్బులు, ఒక జత పెద్ద ఏంజెల్స్, నీలం రంగు మగ ఫైటరు, వెడల్పు తోకల గప్పీలు, అద్దం మీది పాచి తింటుందని ఒక సక్కరు. ప్రపంచంలోని నదులన్నీ నా రెండు చేతుల్లో పాలిథీన్ సంచులుగా వేలాడుతున్నాయి. గర్వంగా ఇంటికొచ్చాను.

నేను ఆ సంచుల్లో ఏం మోసుకొచ్చానో నాకు తర్వాత తెలిసింది. నియాన్ టెట్రాది అమెజాన్ ఎగువ ప్రాంతం. 1936లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. దాని నీళ్లలో సున్నం దాదాపు ఉండదు, కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, ఆకులు రాలి నానిన చల్లటి నీడ ఉంటుంది. గప్పీది వెనిజులా, ట్రినిడాడ్ వైపు. దానికి కాస్త సున్నం ఉన్న కఠిన జలమే హాయి. ఫైటరు థాయ్‌లాండ్ వరిమళ్లలోనూ, కదలని గుంటల్లోనూ పుట్టిన చేప. అక్కడివాళ్లకు దాని మీద ఎంత అభిమానమంటే 2019లో దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు. తల లోపల ఉండే ప్రత్యేక అవయవంతో పైగాలి పీల్చుకోగలదు. పారే నీళ్లంటే దానికి పడదు, ఇంకో మగ ఫైటరును చూస్తే అసలే పడదు. గోల్డ్ ఫిష్ చైనావాళ్లు వందల ఏళ్లుగా పెంచి తీర్చిదిద్దిన చేప. దానికి చల్లటి నీళ్లు కావాలి, పెరగడానికి బోలెడంత చోటు కావాలి. పైగా అది తిన్నదానికి తగ్గట్టే నీటిని పాడుచేస్తుంది. 26 డిగ్రీల వెచ్చదనం కోరే చేపల పక్కన దాన్ని ఉంచడమంటే ఇద్దరినీ బాధపెట్టడమే. వీటన్నిటినీ నేను తెచ్చి పోసిన నీళ్లేమిటి? మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లు. వాటితో గీజరు కాయిలు మీద సున్నం పెచ్చులు కడుతుంది, స్టీలు గిన్నెల మీద తెల్ల మచ్చలు పడతాయి.

తొట్టి సైజు కూడా నా మాటల్లోనే పెద్దది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా నింపినా 56 లీటర్లు. అడుగున గులకరాళ్లు పోసి, పైన రెండంగుళాలు వదిలితే మిగిలేది నలభై చిల్లర. వచ్చినవాళ్లందరికీ "వంద లీటర్లు" అని చెప్పాను.

ఆ సాయంత్రమే ఎదురు ఫ్లాటువాళ్లను పిలిచాను. ఆగలేకపోయాను. హాల్లో లైట్లార్పి, తొట్టిలో నీలం లైటు వేసి, టీలు ఇచ్చి, నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. నియాన్లు గుంపుగా తిరుగుతాయండీ, చూడండి ఆ క్రమశిక్షణ అన్నాను. వాళ్ల చిన్నబ్బాయి అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెడుతున్నాడు. "అంకుల్, ఆరన్నారు, ఐదే ఉన్నాయి." మొక్క వెనక ఉంటుంది నాన్నా అన్నాను, మొక్క వెనక లేదు, "అంకుల్, నాలుగే ఉన్నాయి" అన్నాడు, అన్నంతలోనే ఏంజెల్ నోట్లోంచి మెరుస్తున్న నీలం తోక ఒకటి బయటికి కనబడింది, అవి ఆడుకుంటున్నాయి అన్నాను, "మింగేసింది అంకుల్!" అని వాడు అపార్ట్‌మెంటు మొత్తం వినబడేలా అరిచాడు, ఆ అరుపుకి అందరూ దగ్గరకొచ్చారు, వచ్చేసరికి ఫైటరు తోకలో సగం లేదు, టైగర్ బార్బులు నాలుగూ దాని వెంటపడి అంచులు కొరుకుతున్నాయి, గప్పీలు ఓ మూల గుట్టగా చేరి వణుకుతున్నాయి, మా అబ్బాయి ఏడుపు లంకించుకున్నాడు, నేను లైటు ఆర్పేసి "వాటికి నిద్ర టైమైంది" అన్నాను.

ఏంజెల్, నియాన్ రెండూ అమెజాన్ చేపలే. ఒకే నది నీళ్లు తాగినవి కదా, కలిసి ఉంటాయని చాలామంది అనుకుంటారు. నాకు ఆ మాత్రం ఆలోచన కూడా లేదు గానీ, అనుకున్నవాళ్లకూ అదే ఫలితం. ఏంజెల్ నోరు పట్టేంత పెరిగిందంటే చిన్న టెట్రా దానికి ఆహారమే. అక్కడి అడవి వాగుల్లోనూ అంతే. ఇక టైగర్ బార్బుల మీద నాకిప్పుడు కోపం లేదు. వాటిని ఎనిమిదో పదో కలిపి పెంచితే వాటి గొడవలు వాటిలోనే తేలిపోతాయి. నలుగురినే తెచ్చి పడేస్తే వాటి దుడుకుతనం పొడవు తోకల మీదికి పోతుంది. చేపల తోడు అంటే రంగుల పొందిక కాదు. నోరెంత, వేగమెంత, ఎంతమందితో ఉంటే ధైర్యంగా ఉంటుంది, ఏ నీళ్లలో హాయిగా ఉంటుంది, ఇవి కలవాలి. కొనేటప్పుడు నేను చూడని లెక్కలన్నీ ఇవే.

తర్వాత చావులు మొదలయ్యాయి. పొద్దున్నే లేచి తొట్టి దగ్గరకు వెళ్లాలంటే కాళ్లు రావడం మానేశాయి. పక్కింటి పిన్నిగారు చూసి, "దిష్టి బాబూ. ఇంటికి రావలసిన కీడు అవి తీసుకుపోయాయి, మంచిదే" అన్నారు. ఆ మాట పట్టుకుని ఎంత ఊరట పొందానో చెప్పలేను. ఒక్కో చేప పోయినప్పుడల్లా మా ఇంటికి ఓ గండం తప్పిందని మా ఆవిడకు నేనే చెప్పేవాణ్ణి. తప్పు మనది కాదని చెప్పే మాట దొరికితే ఎవరు వదులుకుంటారు? నేను మాత్రం రెండు చేతులా పట్టుకున్నాను.

అక్కడితో ఆగినా కొన్ని బతికేవి. నీళ్లు మురికయ్యాయని తొట్టి మొత్తం ఖాళీ చేశాను. గులకరాళ్లను సబీనా పెట్టి తోమాను. ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద నురుగుపోయేదాకా పిండాను. ఈసారి మున్సిపల్ మంజీరా నీళ్లు పట్టాను, అవి శుభ్రమైనవని. తొట్టి అద్దంలా మెరిసింది. ఆ రాత్రి మిగిలినవాటిలో సగం పోయాయి.

మా అక్కాబావలు పెళ్లికని హైదరాబాదు వచ్చి మా ఇంట్లో దిగారు. బావ కాళ్లు కడుక్కుని వచ్చి తొట్టి ముందు కూర్చున్నాడు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మొప్పలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఒక్క నిమిషం చూశాడంతే.

"నీళ్లు ఎప్పుడు పెట్టావురా?"

చెప్పాను.

"పిల్ల ఎప్పుడు వేశావు?"

"ఆ రోజే బావా."

ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు నేను మరిచిపోలేను. అందులో కోపం లేదు, బాధ ఉంది. "చెరువు ఎండగట్టకుండా, సున్నం చల్లకుండా, నీళ్లు పెట్టి రంగు తిరిగేదాకా ఆగకుండా మన ఊళ్లో ఎవడైనా పిల్ల వేస్తాడా? అమ్మోనియారా ఇది. మేత ఆపు. గాలి పెంచు. బక్కెట్లో నీళ్లున్నాయా?"

చెరువు వేరు, తొట్టి వేరు అన్నది నేనే కదా! లెక్క మాత్రం ఒక్కటే. చేప మొప్పల్లోంచి అమ్మోనియా బయటికొస్తుంది, మిగిలిన మేత కుళ్లి ఇంకాస్త చేరుతుంది. చెరువులో దాన్ని తినేసే సూక్ష్మజీవులు బురదలో, నీటిలో కోట్లకు కోట్లు ఉంటాయి. గాజు తొట్టిలో అవి మొదట ఉండవు. ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ల మీద నెమ్మదిగా పుడతాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది, దాన్ని చేప చాలావరకు ఓర్చుకుంటుంది, మనం వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఈ రెండు రకాలూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దుకాణం కుర్రాడు అడిగిన సైక్లింగ్ ఇదే. నేను సబీనాతో తోమి, క్లోరిన్ నీళ్లతో పిండి పారబోసింది ఆ సూక్ష్మజీవుల్నే. పైగా మా బోరు నీళ్ల పీహెచ్ ఎనిమిది దగ్గర ఉంటుంది. వెచ్చటి నీళ్లలో పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి పెరిగితే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లవుతుంది. చెరువు గట్టు మీద పీహెచ్ చూసుకోని రైతు మా ఊళ్లో లేడు. నేను ఇంట్లో షుగర్ మీటరు పెట్టుకున్నాను గానీ నీళ్లను కొలవాలని తోచలేదు.

బావ ఆ రాత్రి పెళ్లి భోజనానికి కూడా ఆలస్యంగా వెళ్లాడు. మూడో వంతు నీళ్లు తీయించి, క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసిన నీళ్లను అదే వెచ్చదనానికి తెచ్చి, గ్లాసుతో కొంచెం కొంచెంగా పోయించాడు. ఒక్కసారిగా పోస్తే ఆ తేడాకే చేప పోతుందన్నాడు. తెల్లారేసరికి పైకి తేలినవి కిందికి దిగాయి.

సక్కరు మాత్రం చెక్కుచెదరలేదు. అది ఎంత పెరుగుతుందో ఆయనే చెప్పాడు. అడుగున్నర దాకా పెరిగే చేపను నేను అడుగు వెడల్పు తొట్టిలో వేశాను. "పోనీ చెరువులో వదిలేద్దాం బావా, స్వేచ్ఛగా బతుకుతుంది" అన్నాను. అప్పుడు వచ్చింది ఆయనకు అసలు కోపం. ఇలాగే ఎవరెవరో దయతలచి వదిలిన ఈ దక్షిణ అమెరికా చేప ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో, కాలువల్లో పాకిపోయింది. ఒంటినిండా ఎముక పలకలు, గట్టి ముళ్ల రెక్కలు. వలలో పడితే వల చిరుగుతుంది. అమ్ముదామంటే కొనేవాడుండడు, మన చేపల మేతను తినేస్తుంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటారు. "నీ జాలి మా వలల మీదికి తోలకు" అన్నాడు. మర్నాడు దాన్ని, గోల్డ్ ఫిష్‌లను, బార్బుల్ని, ఏంజెల్స్‌ని తిరిగి దుకాణంలోనే ఇచ్చేశాను. డబ్బులు అడగలేదు. ఆ కుర్రాడు కూడా సైక్లింగ్ ఊసెత్తలేదు. పెద్ద మనసు వాడిది. తన పాత తొట్టిలోంచి ఓ నాని ఉన్న స్పాంజి ముక్క కోసి ఇచ్చి, పాలల్లో తోడు వేసినట్టు ఇది మీ ఫిల్టరులో వేయండి సార్, తొందరగా అందుకుంటుంది అన్నాడు.

ఫైటరూ, గప్పీలూ మాత్రం నాతో ఉండిపోయాయి. ఫైటరుకు వేరుగా ఇరవై లీటర్ల తొట్టి పెట్టాను. మూత ఉంది, ఎందుకంటే అది ఎగిరి దూకుతుంది, పైన గాలి కూడా వెచ్చగా ఉండాలి. నీటి ఉరవడి తక్కువగా ఉండే ఫిల్టరు, నాలుగు ఆకుల మొక్కలు. తోక మళ్లీ పెరిగింది. గప్పీలు కొన్నాళ్లు ఓ టబ్బులో ఉన్నాయి. పెద్ద తొట్టి వారాల తరబడి చేప లేకుండా నడిచింది. వచ్చినవాళ్లు "చేపలేవండీ?" అని అడిగితే "సూక్ష్మజీవుల్ని పెంచుతున్నాం" అని మా ఆవిడ చెప్పేది. రోజూ చిటికెడు మేత వేసి, రంగు చుక్కల కిట్టుతో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగాయా లేదా చూసుకున్నాను. దిగిన రోజు బావకు ఫోను చేశాను, మా అబ్బాయికి ర్యాంకు వచ్చినంత సంబరంగా.

ఈసారి తోడు ఎవరో అడిగే తెచ్చాను. ఊళ్లో బావ చెరువులో బొచ్చె పైన తిరుగుతుంది, శీలావతి నడిమిన, మోసు అడుగున. ఒకరి మేత ఒకరు తినరు, చెరువంతా వాడకంలో ఉంటుంది. తొట్టినీ అలాగే మూడు అంతస్తులుగా చూడమన్నాడు. నీళ్ల గుణం మార్చడం నా చేతిలో లేదు కాబట్టి నీళ్లకు తగ్గ చేపల్నే ఎంచుకోమన్నాడు. నియాన్లు నాకు ఎంతో ఇష్టం, అయినా మా బోరుకు అవి వద్దని మనసు గట్టి చేసుకున్నాను. పైన గప్పీలు, మగవే, నాలుగు. ఆడవి కూడా ఉంటే నెలకోసారి ఇరవై, ముప్పై పిల్లలు. మగదాన్ని వేరు చేసినా ఆడది దాచుకున్న బీజంతో నెలల తరబడి ఈనుతూనే ఉంటుంది. అందుకే ఆడవి ఆ టబ్బులోనే ఉండిపోయాయి. నడిమిన జీబ్రా చేపలు ఆరు. ఇవి మన గడ్డవే. 1822లో గంగా నది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ రాసిన పుస్తకంలో వీటికి పేరు పెట్టారు. మన హైదరాబాదు సీసీఎంబీలో సైతం పరిశోధనలకు ఈ చేపను పెంచుతారు. కాస్త చల్లదనాన్నీ వెచ్చదనాన్నీ ఓర్చుకునే గట్టి పిండం. గుంపులో ఉంటే వాటి పరుగులు వాటివే, సాధారణంగా ఎవరి తోకా కొరకవు. అడుగున బ్రాంజ్ కోరీడోరస్ ఆరు. వీటి మూతికి మీసాలుంటాయి, పదును గులకరాళ్లు ఆ మీసాల్ని కోసేస్తాయి. అందుకని మెత్తటి ఇసుక పోశాను. ఇవీ ట్రినిడాడ్‌లో దొరికేవే, గప్పీలకు సొంతూరి పొరుగువాళ్లు. మధ్యమధ్య సర్రున పైకి దూసుకెళ్లి గాలి మింగి దిగుతాయి. మొదటిసారి చూసి మళ్లీ అమ్మోనియా అనుకుని కిట్టు కోసం పరిగెత్తాను. కాదు, వాటి పేగు గోడలు గాలిని పీల్చుకోగలవు. అది వాటి అలవాటు.

డిసెంబరులో హైదరాబాదు రాత్రులు చలిగా ఉంటాయి. ఇంట్లో నీళ్లు ఇరవైకి దిగితే తెల్లమచ్చల జబ్బు పట్టుకునే ప్రమాదం ఉంది. యాభై వాట్ల హీటరు 25 దగ్గర పెట్టాను. ఎండాకాలం కరెంటు పోతే అని బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అటక మీద ఉంది. లైటు రోజుకు ఎనిమిది గంటలే, చేపలకూ రాత్రి కావాలి. మేత రెండు నిమిషాల్లో తినేంత, వారంలో ఒకరోజు పస్తు. వారం వారం నాలుగో వంతు నీళ్లు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండుతాను, కుళాయి దగ్గరకు తీసుకెళ్లను. ఇవన్నీ ఇప్పుడు మా అబ్బాయే చేస్తాడు. నేను ఏదైనా మరిచిపోతే "నీళ్లు నీళ్లేనా నాన్నా?" అని అడుగుతాడు.

టబ్బులో ఆడ గప్పీలు ఇంకా ఈనుతూనే ఉన్నాయి. పిల్లలు చాలా ఉన్నాయి, అడిగినవాళ్లకు ఊరికే ఇస్తాను. ఎదురు ఫ్లాటు చిన్నబ్బాయి మొన్న గిన్నె పట్టుకుని వచ్చాడు. మీకూ కావాలంటే రండి. అయితే ఇచ్చే ముందు నేను కొన్ని ప్రశ్నలు అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ నీళ్లు బోరా, మంజీరానా? తొట్టి నిజంగా ఎన్ని లీటర్లు? ఫిల్టరు ఎన్ని వారాల నుంచి నడుస్తోంది? ఇప్పటికే అందులో ఎవరెవరున్నారు? పక్కన మీ పిల్లలు నిలబడి ఉన్నా సరే, తెలియదంటే తెలియదని చెప్పండి. స్పాంజి ముక్క కూడా ఇస్తాను.